వచ్చినవాళ్ళకి మంచి వైఫై

ఆ రోజు నేను హడలిపోయి వైఫై తీగ పీకేశానని మా ఆడిటరు గారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళినా, సీమంతానికి వెళ్ళినా, కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేసే పద్ధతే అది. "ఈవిడేనండి, కంపెనీ ఆయన చెకింగుకొచ్చిన రోజున కంగారుపడిపోయి వైరు పీకి గుప్పిట్లో పెట్టుకు నిలబడ్డావిడ. మా ఇంటి పొట్టిక్కలు కాపాడాయి గానీ, లేకపోతే ఆఫీసు గోవిందా!" అంటారు. అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వుతానేమోనని నా మొహంలోకి చూస్తారు. నేను నవ్వను. పీకినమాట నిజం. గుప్పిట్లో పెట్టుకున్నమాటా నిజం. భయపడినమాట కూడా నిజమే, నేనెప్పుడూ కాదనలేదు. కానీ భయపడి పీకలేదు. భయపడుతూనే, ఎందుకు పీకుతున్నానో తెలిసి పీకాను. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ ఇంట్లోవాళ్ళకి అప్పుడూ తెలియలేదు, మనవలు పుట్టిన తర్వాతా తెలియలేదు. అందుకని అసలు జరిగిందేమిటో రాసి పెడుతున్నాను. చదివినవాళ్ళు ఎవరి పక్షమైనా తీసుకోవచ్చు, నా పక్షం తీసుకుంటే సంతోషం.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే తీగలోంచి వచ్చేది. తీగ ఏ బల్ల దగ్గర ఆగితే ఇంటర్నెట్టూ ఆ బల్ల దగ్గరే ఆగేది. మన ఇంటర్నెట్ ఇంకొకరు వాడుకోవాలంటే ముందు మన గుమ్మం ఎక్కాలి, మన కుర్చీలో కూర్చోవాలి, మన కంట పడాలి. అంచేత ఎవరికీ చీకూ చింతా ఉండేది కాదు. తర్వాత అది గాలిలో రావడం మొదలైంది. మా రాజమండ్రిలో అందరూ ఆ వింతకి మురిసిపోతున్న కాలంలో నేను ఒక్కదాన్నే దాన్ని తలుచుకుని అన్నం సహించక తిరిగాను. గాలికి గోడలేమిటి, గుమ్మాలేమిటి? (ఇప్పటి పిల్లలకి ఈ బాధ చెప్పినా అర్థం కాదు. వాళ్ళు పుట్టడమే సిగ్నల్లో పుట్టారు.)

మా ఆఫీసు గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక మేడ. కింద ఆఫీసు, పైన ఆడిటరు గారి కాపురం. నేను కంప్యూటర్ల చదువు చదివి, ధవళేశ్వరంలో మా పిన్ని ఇంట్లో ఉంటూ, రోజూ ఆటోలో వచ్చి అక్కడ పనిచేసేదాన్ని. ఉద్యోగమంటే ఉద్యోగం కాదు, "చూద్దాం" అన్నమాట. ఆడిటరు గారు చేర్చుకునేటప్పుడే "చూద్దామమ్మా" అన్నారు, ఆ తర్వాత ఎన్నిసార్లు కదిపినా "చూస్తున్నాంగా" అనేవారు. మా నాన్న మాత్రం ఆ చూడ్డం ఎప్పుడైపోతుందా అని కాచుకుని కూర్చున్నారు. ఎందుకంటే మా ఊళ్ళో మా పెదనాన్నకి ఒక కాన్వెంటు ఉంది. అందులో ఎల్.కె.జి. పిల్లలకి ముక్కులు తుడవడానికి ఎప్పుడూ ఒక ఖాళీ ఉండేది, ఆ ఖాళీ మీద నా పేరు రాసేసి ఉంది. నాకు పిల్లలంటే కోపం లేదు. పెదనాన్న అంటేనే కాస్త.

ఆడిటరు గారి గురించి చెప్పాలి. మనిషి బంగారం, ఆ బంగారంతోనే నా ప్రాణం పోయింది. తన గుమ్మం ఎక్కిన మనిషి ఖాళీ చేతులతో కూర్చోవడం ఆయన చూడలేరు. పన్ను నోటీసు పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చిన మిల్లు యజమాని అయినా సరే, ముందు మంచినీళ్ళు, ఆ వెంటనే కాఫీ, ఇంకాసేపుంటే పైనుంచి అత్తయ్యగారి చేతి ఫలహారం, ఆ తర్వాతే నోటీసు. (అత్తయ్యగారంటే ఆయన భార్య. నాకు చుట్టరికమేమీ లేదు. మొదటి రోజే "మేడం ఏంటమ్మా, అత్తయ్యా అను" అన్నారు, అయిపోయింది.) వైఫై రాకముందు ఈ మర్యాద మా కంప్యూటర్ల మీద పడేది. "అమ్మాయ్, బాబు గారికి ఓ సిస్టం ఇవ్వు, వాళ్ళబ్బాయి రిజల్ట్సు చూసుకుంటారంట" అనేవారు. నేను సగం చేసిన బ్యాలెన్సు షీటు మూసేసి లేచేదాన్ని. ఆ బాబు గారు నా కుర్చీలో కూర్చుని, రిజల్ట్సు చూసుకుని, ఊరికే ఉండకుండా పక్కన కనిపించిన ఫోల్డర్ల మీద కూడా నొక్కి చూసేవారు.

ఇలా నడుస్తున్న ఆఫీసుకి కాకినాడ వైపు నుంచి ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ వచ్చింది. లెక్కలన్నీ మీకే ఇస్తాం గానీ ముందు మా మనిషి ఒకాయన వచ్చి మీ కంప్యూటర్లు, మీ ఇంటర్నెట్టు చూసి వెళ్తాడు, మా కాగితాలు బయటికి పొక్కవని ఆయన చెప్తేనే ఇస్తాం, అన్నారు. వాళ్ళ భయం ఊరికే కాదు. వాళ్ళకి పోటీ కంపెనీల లెక్కలు అప్పటికే మా దగ్గర ఉన్నాయి. ఎవరు ఏ చెరువు దగ్గర ఎంతకి కొంటున్నారో, ఎవరికి ఎంతకి అమ్ముతున్నారో అంతా మా ఫోల్డర్లలో ఉండేది. ఒకరిది ఒకరి కంటపడితే కంపెనీ పోవడమే కాదు, ఆడిటరు గారు ఇన్నేళ్ళు సంపాదించుకున్న మాట పోతుంది.

ఆయన నన్ను పిలిచి, "అమ్మాయ్, మనక్కూడా ఆ గాలి ఇంటర్నెట్ పెట్టించు. కంపెనీ ఆయన వచ్చేసరికి గట్టిగా, భద్రంగా ఉండాలి. ఈ పని వచ్చిందా, నీ ఉద్యోగం ఖాయం" అన్నారు.

"రాకపోతేనండీ?"

"రాకపోతే మీ పెదనాన్నగారి కాన్వెంటు ఎక్కడికీ పోదుగా!" అని నవ్వారు. అది హాస్యమని ఆయన అనుకున్నారు.

అప్పట్నించీ ఎక్కడ కూర్చున్నా అదే ఆలోచన. రూటరు ఎక్కడ పెట్టాలి? వీధి వైపు గదిలో పెడితే వీధంతా మన సిగ్నలే. వెనక గదిలో పెడితే ముందు గదిలోకి రాదు. సిగ్నలు ఎంత దూరం పోతుందో కొలవాలి కదా అని, లాప్‌టాప్ మూత తెరిచి రెండు చేతులా పళ్ళెంలా పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ వీధిలో నడిచాను. ఎదురింటి మామ్మగారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు. "ఏ గుడికమ్మా?" అని అడిగారు. పక్క సందులో జెరాక్సు షాపు దాకా సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి. జెరాక్సు షాపులో రోజంతా జనం. అందులో ఎవరు ఎలాంటివాళ్ళో!

రూటరుని లోపలి గదిలో బీరువా పక్కకి మార్చాను. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డు మార్చాను (లోకంలో సగం రూటర్లకి అది ఒకటేనని చదివిన రోజున నాకు జ్వరం వచ్చింది). ఫోల్డరు ఫోల్డరుకీ వేరే తాళం పెడదామన్నాను. మా పెద్ద గుమస్తా గారు ససేమిరా అన్నారు. ఆయన్ని మేమంతా వోచరు బాబాయి అనేవాళ్ళం. ప్రపంచంలో ఏ విషయం చెప్పినా "దానికి వోచరుందా?" అని అడిగేవారు కాబట్టి. "ఇన్ని పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోవాలంటే నాకు ఇంకో బుర్ర ఇప్పించమ్మా, దానికి వోచరు నేను రాసుకుంటా" అన్నారు. సరే, బీరువా గదిలో రూటరుకి తీగతో కలిపిన పెద్ద సిస్టంలో ఫోల్డర్లన్నీ బార్లా తెరిచే ఉంటాయి, అంచేత బయటి గుమ్మం గట్టిగా ఉండాలి అనుకున్నాను. నా ప్లాను మొత్తం ఆ ఒక్క గుమ్మం మీద నిలబడింది.

ఆ రూటరులో ఒక సదుపాయం ఉంది. ఒకే డబ్బాలోంచి రెండు వైఫైలు ఇవ్వొచ్చు. ఒకటి లోపలిది, ఆఫీసు కంప్యూటర్లకీ ప్రింటరుకీ. రెండోది బయటిది, వచ్చేపోయేవాళ్ళకి. బయటి దాంట్లో ఉన్నవాళ్ళకి ఇంటర్నెట్ వస్తుంది గానీ మన ఫోల్డర్లు కనపడవు. దీన్ని ఆడిటరు గారికి ఎలా చెప్పాలా అని బాగా ఆలోచించి, "మీ ఇంట్లో వచ్చినవాళ్ళని ముందు గదిలో కూర్చోబెడతారు గానీ బీరువా ఉన్న గదిలోకి తీసుకెళ్ళరు కదండీ, ఇదీ అంతే" అన్నాను. ఆయన బ్రహ్మాండంగా ఉందన్నారు. లోపలిదానికి కష్టమైన పాస్‌వర్డు పెట్టాను, పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి. ఆఫీసు యజమాని కాబట్టి ఆయనకి చెప్పక తప్పదు. "ఇది మీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదండీ" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, సంధ్యావందనం నేర్చుకున్నంత శ్రద్ధగా దాన్ని కంఠస్థం చేశారు. నాకు ముచ్చటేసింది. అప్పుడే భయం వేసి ఉండాల్సింది.

ఇంకో పని కూడా చేశాను. బయటి వైఫై వేగం తగ్గించాను. లేకపోతే వచ్చినవాళ్ళు సినిమాలు దింపుకుంటూ కూర్చుంటారు, మా రిటర్నులు కదలవు. కంపెనీ ఆయన రావడానికి ముందు ఒక మిల్లు యజమాని గారి అల్లుడు వచ్చాడు. కొత్తల్లుడు, కొత్త ఫోను. ముందు గదిలో కూర్చుని ఏదో ఫొటో తెరుస్తుంటే చక్రం తిరుగుతూనే ఉంది. మామగారు నొచ్చుకున్నారు. ఆయన నొచ్చుకుంటే మా ఆడిటరు గారు ఇంకా నొచ్చుకున్నారు.

"ఏంటమ్మా, వచ్చినవాళ్ళకి నెమ్మదైంది పెట్టావంట?"

"కావాలనే పెట్టానండి."

"కావాలనే!" అని ఆయన వోచరు బాబాయి వైపు తిరిగారు, సాక్ష్యం కోసం. "అంటే మనం లోపల కూర్చుని సన్నబియ్యం తింటూ, గుమ్మంలోకొచ్చినవాళ్ళకి రేషన్ బియ్యం వడ్డిస్తామా?"

"ఇది భోజనం కాదండీ, బ్యాండ్‌విడ్తు."

"ఏదైతేనేం తల్లీ, వడ్డించేదేగా!"

నేను ఊరుకుంటానా? భద్రత అంటే ఏమిటో, లైను ఎందుకు పంచుకోవాలో, ఆయన అడగనివి కూడా కలిపి చెప్పాను. ఆయన అంతా విని, తల ఊపి, "సర్లేమ్మా" అన్నారు. మా గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు "సర్లేమ్మా" అన్నారంటే వాదన ముగిసిందని కాదు, నీతో ముగిసిందని. పాతికేళ్ళ పిల్లకి అది తెలియలేదు. గెలిచాననుకుని ఇంటికెళ్ళి పిన్ని పెట్టిన పులుసన్నం రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

కంపెనీ ఆయన వచ్చే రోజు రానే వచ్చింది. తెల్లారకముందే లేచి తల దువ్వుకుంటూ ప్రశ్నలూ జవాబులూ అద్దంతో చెప్పుకున్నాను. ఆఫీసుకి వచ్చి చూస్తే మేడ మీంచి పనసాకుల వాసన. అత్తయ్యగారు పనసాకు బుట్టలు కుట్టి, వాటిల్లో పిండి పోసి పొట్టిక్కలు ఉడికిస్తున్నారు. బజారు ఇడ్లీ లాంటి వాటితో పోయే సందర్భం కాదు కదా. కంప్యూటరు ముందు కూర్చుని నా ప్లాను కాగితం ప్రింటు కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. ప్రింటరు కనపడటం లేదంది. పక్క సిస్టంలో చూశాను, దాంట్లోనూ లేదు. రూటరు దీపాలు వెలుగుతున్నాయి, ప్రింటరు దీపం వెలుగుతోంది, ఒకదాన్నొకటి గుర్తుపట్టడం లేదు. "బాబాయిగారూ, ఎవరైనా ఏమైనా కదిపారా?" అంటే వోచరు బాబాయి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నేనేం కదుపుతానమ్మా, సారు చెప్పిందే చేశా" అన్నారు. సారు ఏం చెప్పారండీ అని అడిగేలోపు వీధిలో కారు ఆగింది.

కంపెనీ ఆయన సన్నగా, పొడుగ్గా, మాట ఖర్చు చెయ్యకుండా ఉన్నారు. నన్ను వణికించింది ఆ మాట్లాడకపోవడమే. మంచినీళ్ళు తాగారు, కాఫీ తాగారు, ఫలహారం తర్వాత తీసుకుంటానన్నారు (ఆడిటరు గారి మొహం వాడింది). తర్వాత నా వైపు తిరిగి ప్రశ్నలు మొదలెట్టారు.

"డబ్బాతో వచ్చిన పాస్‌వర్డు మార్చారా?"

"మార్చానండి."

"వీధిలోకి ఎంత దూరం వస్తోంది?"

"మొదట్లో జెరాక్సు షాపు దాకా వచ్చేదండి. రూటరు జరిపాక గేటు దాటట్లేదు. నడిచి చూశాను."

"ఊఁ. ఎవరైనా బయటి మనిషి లోపలి దాంట్లోకి వస్తే తెలుస్తుందా?"

"తెలుస్తుందండి. ఏయే సిస్టములు కలిసి ఉన్నాయో చూస్తూ ఉంటాం."

"తెలిశాక ఏం చేస్తారు?"

ఈ ప్రశ్న నా అద్దం నన్ను అడగలేదు. "అదీ... ఆలోచిస్తున్నామండి" అన్నాను. ఆయన మళ్ళీ "ఊఁ" అన్నారు. ఆ ఊఁకి నాకు మా పెదనాన్న కాన్వెంటు గంట వినపడింది. ఆయన లాప్‌టాప్ తీసి ముందు గది బల్ల మీద పెట్టుకున్నారు. నేను ప్రింటరు సంగతి తేల్చుకుందామని లోపలికి పరిగెత్తి, నా సిస్టం ఏ వైఫైలో ఉందో అప్పుడు చూశాను. బయటి దాంట్లో ఉంది. పక్కదీ బయటి దాంట్లోనే ఉంది. ఆఫీసు సిస్టములన్నీ వరసగా వీధి గదిలో కూర్చున్నట్టే ఉన్నాయి, ఫోల్డర్లున్న పెద్ద సిస్టం ఒక్కటే, తీగతో కలిసి ఉంది కాబట్టి, ప్రింటరుతో పాటు లోపల మిగిలింది. ఇదేంట్రా దేవుడా అనుకుంటూ ఉండగా ముందు గదిలోంచి ఆడిటరు గారి గొంతు ఖంగున వినపడింది.

"రాసుకోండి. మొదట పెద్ద కే. తర్వాత చిన్న వి. తర్వాత జిలేబీ గుర్తు."

"జిలేబీ...?"

"అదేనండి, ఏ చుట్టూ తోక తిరిగి ఉంటుందే, అది. తర్వాత తొమ్మిది, నాలుగు. అష్టాచెమ్మా గడి ఒకటి. అడ్డం రెండు గీతలు, నిలువు రెండు గీతలు, ఆఁ, కరెక్టు. తర్వాత పెద్ద ఎమ్..."

అది లోపలిది. ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడనిది. దాన్ని ఆయన ఒక్క అక్షరం తప్పు పోకుండా, ఆ మూడో మనిషికి, అందులోనూ పోటీ కంపెనీ మనిషికి, వీధి గుమ్మం తెరిచి పెట్టుకుని, ఎదురింటి మామ్మగారికి కూడా వినపడేంత స్వచ్ఛంగా అప్పజెబుతున్నారు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన ఆఖరి గుర్తు చెప్పడం అయిపోయింది. నన్ను చూసి మొహం చేటంత చేసుకుని, "మన ఆఫీసు పిల్లలందర్నీ బాబాయి చేత నెమ్మదైన దాంట్లోకి మార్పించేశానమ్మా! స్పీడుదంతా వచ్చినవాళ్ళకే. ఇప్పుడు చూడు, ఆయనకి ఎలా పరిగెడుతుందో!" అన్నారు.

వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే నన్ను అన్యాయంగా నవ్వులపాలు చేస్తారు. పాస్‌వర్డు మార్చాలంటే సిస్టం ముందు కూర్చోవాలి, రూటరులోకి వెళ్ళాలి, అంతసేపూ ఆయన లోపలే ఉంటారు. అన్నిటికన్నా త్వరగా అయ్యేది ఒక్కటే. నేను బీరువా గదిలోకి వెళ్ళి ప్లగ్గు పీకేశాను. దీపాలు ఆరిపోయాయి. ఇది కంగారు కాదు, లెక్క.

కానీ మర్యాద నాకన్నా వేగంగా పనిచేసింది. "అరెరె, ఆయనకి నెట్ పోయిందంట, బాబాయ్, చూడు చూడు!" అని ఆడిటరు గారి కేక. వోచరు బాబాయి వచ్చి, నన్ను పక్కకి జరిపి, "ప్లగ్గు ఊడిందమ్మా, వదులుగా ఉంది" అంటూ మళ్ళీ పెట్టేశారు. నేను నోరు తెరిచేలోపు ఆడిటరు గారు, "అమ్మాయ్, నువ్వు పైకెళ్ళి అత్తయ్యని అడిగి పళ్ళెం పట్రా. ఇప్పుడు తింటానన్నారు!" అన్నారు. ఆ ఇంట్లో ఫలహారం తెమ్మన్నాక ఆగి మాట్లాడే పద్ధతి లేదు. మెట్లెక్కుతున్నంతసేపూ కింద ఆ డబ్బా దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయని నా వీపుకి తెలుస్తూనే ఉంది. పైన అత్తయ్యగారు నింపాదిగా పనసాకులు విప్పుతూ, "అల్లం పచ్చడి కారం ఎక్కువైందేమో, కాస్త రుచి చూడమ్మా" అన్నారు. చూశాను. ఏ రుచీ తెలియలేదు.

పళ్ళెంతో కిందికొచ్చేసరికి కంపెనీ ఆయన తెర వైపు చూస్తున్నారు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. తెర నా వైపు లేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా లోపలికెళ్ళి, ఈసారి ప్లగ్గే కాదు, రూటరుకి పెట్టే చివర కూడా ఊడబీకి, అడాప్టరుతో సహా మొత్తం తీగ చుట్టి గుప్పిట్లో పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అడాప్టరు వేడిగా ఉంది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు ఆడిటరు గారు.

"మళ్ళీ పోయింది" అన్నారు కంపెనీ ఆయన, నెమ్మదిగా. తర్వాత నా గుప్పిట వైపు చూశారు. "ఎందుకు ఆపారు?"

ఏ అబద్ధం చెప్పినా సరిపోయేది. కరెంటు అనొచ్చు, లైను అనొచ్చు. మా ఊళ్ళో ఆ రెండూ ఎప్పుడైనా నమ్మేవే. కానీ నాకు అబద్ధాలు సమయానికి తోచవు, కోపం మాత్రం తోస్తుంది. "మీరు మా లోపలి దాంట్లోకి వచ్చారండి" అన్నాను. "బయటి మనిషి లోపలికి వస్తే తెలిశాక ఏం చేస్తారని అడిగారు కదా. ఇదే చేస్తాం. ఆపేస్తాం."

ఆడిటరు గారి మొహం ఎర్రబడింది. "బయటి మనిషేంటమ్మా! ఆయన మన ఇంటికొచ్చినాయన! తప్పు, తప్పు... ఏవండీ, మీరేమీ అనుకోకండి, చిన్నపిల్ల..."

"మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని కంపెనీ ఆయన నన్నే అడిగారు.

"పాస్‌వర్డు మార్చాకండి. కొత్తది ఆడిటరు గారికి కూడా చెప్పను."

"నా ఆఫీసు వైఫై నాకు చెప్పవా?" అన్నారు ఆడిటరు గారు. ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. వోచరు బాబాయి పెన్ను కింద పడేశారు.

"చెప్పనండి" అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చాక గాని నా ఉద్యోగం కూడా దాని వెంబడే వెళ్ళిపోయిందని నాకు తట్టలేదు. మనసులో అప్పుడే ఎల్.కె.జి. పిల్లల పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

కంపెనీ ఆయన లాప్‌టాప్ మూశారు. "చెప్పకండి" అన్నారు నాతో. అప్పుడు మొదటిసారి నవ్వారు. పళ్ళెం దగ్గరికి లాక్కుని, పనసాకు విప్పి, పొట్టిక్క తిన్నారు. ఇంకోటి వేయించుకున్నారు. అల్లం పచ్చడి బాగుందన్నారు. చేతులు కడుక్కుని, ఆడిటరు గారికి నమస్కారం పెట్టి, నాకు తల ఊపి, కారెక్కి వెళ్ళిపోయారు. అంతే. తర్వాత కంపెనీ నుంచి పని మీకేనని కబురొచ్చింది, నా ఉద్యోగం ఖాయమైంది, మా నాన్న పెదనాన్నకి ఎలా చెప్పాలో తెలియక తంటాలు పడ్డారు.

పొట్టిక్కలు కాపాడాయని వాళ్ళు. నేను కాపాడానని నేను. ఈ తగువు ఆ సాయంత్రమే మొదలైంది. కొత్త పాస్‌వర్డు పెట్టి, సిస్టములన్నీ లోపలికి మార్చుకుని (బయటిదానికి వేగం కాస్త పెంచాను కూడా, అంత రాక్షసిని కాను), "ఆడిటరు గారూ, నేను పైకెళ్ళి వచ్చేసరికి ఆయనకి బోలెడు వ్యవధి దొరికిందండి. పోటీ కంపెనీల ఫోల్డర్లు ఎదురుగా ఉన్నాయి. తెరిచి ఉంటే?" అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నేనేదో కూడికల్లో తప్పినట్టు చూశారు. "తెరవడమ్మా."

"ఎలా చెప్పగలరండీ?"

"మన గదిలో కూర్చున్నాడు. మన కాఫీ తాగాడు. నీ చేత్తో పళ్ళెం తెచ్చి ఎదురుగా పెట్టావు. అంత జరిగాక పక్కవాడి లెక్కలు తెరిచి చూడ్డానికి మనిషన్నవాడికి చెయ్యి వస్తుందా? నువ్వు పెట్టిన గుర్తులన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. నాకున్న తాళం అదే."

"అందరూ మనుషులు కాదండీ" అన్నాను.

"నా దగ్గరికొచ్చినవాళ్ళు ఇప్పటిదాకా మనుషులేనమ్మా" అన్నారు. నేను మాత్రం కొత్త పాస్‌వర్డు అప్పటికీ ఆయనకి చెప్పలేదు.

ఆడిటరు గారు ఇప్పుడు లేరు. నేను ఆ తర్వాత ఇదే పని వృత్తిగా పెట్టుకున్నాను. ఆసుపత్రులకీ, సొసైటీలకీ, చిన్న చిన్న ఆఫీసులకీ వైఫైలు ప్లాను చేసి పెడతాను. ఫోల్డరు ఫోల్డరుకీ తాళం వేయిస్తాను, ఎవరు అలిగినా ఒప్పుకోను. వెళ్ళిన ప్రతి చోటా ఏదో ఒక పెద్దాయన "వచ్చినవాళ్ళకి కాస్త మంచిది ఇవ్వమ్మా" అంటూనే ఉంటారు, నేను పోట్లాడుతూనే ఉంటాను. మధ్యలో ఎప్పుడో, వేడి అడాప్టరు గుప్పిట్లో బిగించి, ఉద్యోగం పోయిందనుకుంటూనే "చెప్పనండి" అన్న ఆ సన్నపాటి పిల్ల గుర్తుకొస్తుంది. ఒక్కసారి దొరికితే కూర్చోబెట్టి, అంత పెంకితనం ఎందుకే, ఆ పెద్దాయన మొహం చూశావా అని అడగాలనిపిస్తుంది. అడిగితే ఊరుకునే పిల్ల కాదు, నాకే నాలుగు చెబుతుంది. చెప్పనీ. ఆ రోజు దాని భయం చూసినవాళ్ళున్నారు గానీ, భయంలో అది ఎంత నిటారుగా నిలబడిందో చూసినవాళ్ళు లేరు, ఒక్క కంపెనీ ఆయన తప్ప.

ఆ కంపెనీ ఆయన తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయారని విన్నాను. పేరు కూడా సరిగ్గా గుర్తు లేదు, చేతికున్న వెండి కడియం గుర్తుంది. ఆయన ఎక్కడైనా దీన్ని చదివే అవకాశం ఉందేమోనని ఆశ. నా తాళం గట్టిదా, మా ఆడిటరు గారిది గట్టిదా అన్నది ఇన్నేళ్ళుగా తేలకుండా ఉండిపోయింది, తేల్చగలిగింది ఆయన ఒక్కరే. ఆడిటరు గారే గెలిచారని తేలినా నాకు అభ్యంతరం లేదు, ఆ మనిషి చేతిలో ఓడిపోవడం నాకు ఇష్టమే. అయ్యా, నేను మేడ మీద అల్లం పచ్చడి రుచి చూస్తున్నంతసేపూ, అన్నీ బార్లా తెరిచి ఉన్న ఆ ఫోల్డర్ల ముందు కూర్చుని, మీరు ఒక్కటైనా నొక్కారా, లేదా?